ఆపేసిన లాప్‌టాప్‌లో ఆరని దీపం

రాత్రి ఒంటిగంటప్పుడు మంచినీళ్ల కోసం లేచాను. హాల్లో చీకటి. బల్ల మీద ఒక నీలం చుక్క కనిపించింది. ఏదో చార్జర్ లైటు అనుకుని దాటి వెళ్లిపోయాను. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, ఆ బల్ల మీద చార్జరేమీ లేదని. ఉన్నదల్లా మూత వేసిన లాప్‌టాప్, దానికి వేలాడుతున్న యూఎస్‌బీ హబ్, ఒకే పోర్టుకి చాలా పరికరాలు తగిలించుకునే డబ్బా. లాప్‌టాప్‌ని సాయంత్రం ఆరింటికే షట్‌డౌన్ చేశాను. స్లీప్ కాదు, షట్‌డౌనే. ఫ్యాను చప్పుడు ఆగేదాకా ఉండి మరీ మూత వేశాను. ఏడు గంటలు గడిచినా హబ్ లైటు నిక్షేపంగా వెలుగుతోంది.

అంత చిన్న లైటుకి నేనెందుకు అంతగా ఉలిక్కిపడ్డానో తెలియాలంటే రెండు నెలల కిందటి సంగతి చెప్పాలి.

అప్పట్లో నా లాప్‌టాప్ ఒక వింత జబ్బు పడింది. శుక్రవారం సాయంత్రం వంద శాతం చార్జింగ్ పెట్టి ఆపేస్తాను. మధ్యలో సోమవారం సెలవు వచ్చిందనుకోండి, మంగళవారం పొద్దున తీసేసరికి చచ్చి పడి ఉంటుంది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. చార్జర్ పెట్టి, పది నిమిషాలు ఆగి, అప్పుడు బతిమాలితే లేస్తుంది. ఒకసారి సరిగ్గా మీటింగ్ మొదలయ్యే టైముకి ఇలా చేసింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అలాగని వాడుతున్నప్పుడు బ్యాటరీ బాగానే వస్తోంది, నాలుగైదు గంటలు ఢోకా లేదు. వాడితే నిలిచే చార్జింగ్ వాడకపోతే కరిగిపోతోంది. ఇదెక్కడి లెక్క?

సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాను. ఎక్కడిదో చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, ఎక్కడికి వెళ్లినా ఇదే మాట అని ఉండేవారని నా నమ్మకం. అక్కడి కుర్రాడు పట్టుమని మూడు నిమిషాలు కూడా చూడలేదు. "బ్యాటరీ పాతబడిందండీ, మార్చేయడమే" అన్నాడు. మార్పించాను. కొత్త బ్యాటరీ వేసిన రెండు వారాలకు ఐదు రోజులు ఊళ్లో లేను. తిరిగొచ్చి చూస్తే మళ్లీ అదే శవం. మళ్లీ వెళ్లాను. ఈసారి అతను కొంచెం విసుగ్గా, "వాడనప్పుడు చార్జర్ పెట్టి ఉంచండి సరిపోతుంది" అన్నాడు. కారుతున్న కుండ మీద కుళాయి తిప్పి ఉంచమన్నట్టుంది ఆ సలహా. కుండ నిండుగానే కనిపిస్తుంది, నిజమే.

అందుకే ఆ నీలం చుక్క చూడగానే నాకు దాహం సంగతి మర్చిపోయేంత పని అయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ దీపం పెట్టుకుని మరీ కూర్చున్నాడు, రెండు నెలలుగా నేనే చూడలేదు.

మర్నాడు ఒక యూఎస్‌బీ మీటరు సంపాదించాను. పోర్టుకీ పరికరానికీ మధ్య పెడితే ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు పోతోందో చూపించే చిన్న డబ్బా. లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, హబ్‌ని ఆ మీటరు ద్వారా తగిలించాను. 5 వోల్టులు, 0.09 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 0.45 వాట్లు. చూడ్డానికి చాలా తక్కువ. పైగా మనందరికీ వాట్లంటే గోడ ప్లగ్గు లెక్కల్లోనే తెలుసు. పాత బల్బు 60 వాట్లు, ఎల్‌ఈడీ 9 వాట్లు, ఈ అర వాటు ఏపాటిది అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

అక్కడే మోసపోతాం. గోడ వెనక ఉన్నది సముద్రం, బ్యాటరీలో ఉన్నది చెంబుడు నీళ్లు. నా బ్యాటరీ 50 వాట్-అవర్లది, అంటే 50 వాట్లు గంటసేపు ఇవ్వగలదు. లోపల బ్యాటరీ వోల్టేజీ పదకొండు చిల్లర, పోర్టుకి కావలసింది 5. ఆ దించే సర్క్యూట్ తక్కువ లోడు మీద అంత సమర్థంగా పనిచేయదు, దాని కూలి అది తీసుకుంటుంది. అన్నీ కలిపి 0.55 వాట్లు అనుకుందాం. 50ని 0.55తో భాగిస్తే 90 గంటలు. నాలుగు రోజులు కూడా నిండవు. నా ఐదు రోజుల ప్రయాణం లెక్క సరిపోయింది. పాత బ్యాటరీ శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఎందుకు ఆగలేకపోయిందో కూడా తేలిపోయింది.

ఇంకో పోలిక చెబుతాను, నాకైతే ఇదే ఎక్కువ గుచ్చుకుంది. చాలా కంప్యూటర్లలో టైము గుర్తుంచుకోవడానికి ఒక రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032 అంటారు. 3 వోల్టులు, సుమారు 220 మిల్లీ ఆంపియర్-అవర్లు. అంటే 0.66 వాట్-అవర్లు. అంత కొంచెంతో అది గడియారాన్ని ఏళ్ల తరబడి నడుపుతుంది. నా హబ్ అదే శక్తిని గంటంబావులో తినేస్తోంది, ఏ పనీ చేయకుండా, ఒక నీలం లైటు వెలిగించుకుని.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆపేసిన లాప్‌టాప్ పోర్టులో కరెంటు ఎందుకుండాలి?

ఇది పాడైపోవడం వల్ల వచ్చింది కాదు. కావాలని పెట్టిన సౌకర్యం. లాప్‌టాప్ ఆపేసి ఉన్నా ఫోన్ చార్జ్ చేసుకోవచ్చన్నది ఉద్దేశం. తోషిబా దీన్ని స్లీప్ అండ్ చార్జ్ అంది, డెల్ పవర్‌షేర్ అంది, లెనోవో ఆల్వేస్ ఆన్ యూఎస్‌బీ అంది. పేరేదైనా పని ఒకటే. సాధారణంగా షట్‌డౌన్ చేసినప్పుడు పోర్టులకు వెళ్లే 5 వోల్టుల లైను ఆగిపోవాలి. ఈ సౌకర్యం ఉన్న పోర్టుకి మాత్రం ఆ లైను ఆగదు. దాన్ని చూసుకునేది మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్. అది ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది, ఉండాలి కూడా. మీరు పవర్ బటన్ నొక్కితే గమనించేది, చార్జర్ పెట్టగానే బ్యాటరీని నింపడం మొదలుపెట్టించేది అదే. దాని సొంత తిండి చాలా తక్కువ. గొడవల్లా అది తలుపు తీసి ఉంచిన పోర్టుతోనే.

పోర్టు తెరిచి ఉన్నంత మాత్రాన తగిలించిన ప్రతిదీ ఎడాపెడా తాగేయకూడదు. దానికో మర్యాద ఉంది. యూఎస్‌బీ పరికరానికి అవతలి నుంచి 3 మిల్లీ సెకన్ల పాటు ఏ సంకేతమూ రాకపోతే అది సస్పెండ్‌లోకి, అంటే కునుకులోకి, వెళ్లాలి, 2.5 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు. యూఎస్‌బీ ప్రమాణం రాతలో అలా ఉంది. నా హబ్ తీసుకుంటున్నది 90. అంటే దానికి ఆ మర్యాద తెలియదు, తెలిసినా పాటించదు. ఇక యూఎస్‌బీతో నడిచే టేబుల్ లైట్లు, బుల్లి ఫ్యాన్ల సంగతి చెప్పక్కర్లేదు. చాలావాటిలో డేటా తీగలే ఉండవు. ఇవ్వడమంటూ జరిగితే తీసుకోవడమే వాటికి తెలుసు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, 3.0 అయితే 900. చార్జింగ్ కోసం ప్రత్యేకంగా చేసిన పోర్టులైతే 1.5 ఆంపియర్లు, ఇంకా ఎక్కువ కూడా ఇస్తాయి.

ఫోన్ విషయమే చూడండి. 5000 మిల్లీ ఆంపియర్-అవర్ల ఫోన్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్లు. మధ్యలో నష్టాలు కలుపుకుంటే లాప్‌టాప్ బ్యాటరీలో ఇంచుమించు సగం పోతుంది. సరే, ఫోన్ నిండింది, అది నాకు పనికొచ్చింది. తెలిసి ఇచ్చాను. హబ్‌కి నేనేమీ ఇవ్వలేదు, అదే తీసుకుంది. నా తగువంతా ఈ తేడా మీదే.

మూడు విడతలుగా పరీక్షించాను, ఒక్కోటి రెండు రోజులు. హబ్ తగిలించి, సౌకర్యం ఆన్‌లో ఉంచి వదిలేస్తే బ్యాటరీ 100 నుంచి 46కి పడింది. హబ్ తీసేసి, సౌకర్యం మాత్రం ఆన్‌లో ఉంచితే 95. పోర్టు ఖాళీగా ఉన్నా ఐదు శాతం పోయిందంటే, ఎవరో వస్తారని తలుపు దగ్గర నిలబడే పనికి కూడా జీతం పడుతోందన్నమాట. మూడోసారి హబ్ మళ్లీ తగిలించి, సౌకర్యం ఆపేశాను. 99. ఇది నా ఒక్క మెషీన్ మీద చేసిందే. మీ దాంట్లో అంకెలు వేరుగా రావచ్చు, వరస మాత్రం ఇలాగే ఉంటుందనుకుంటున్నాను.

ఆ సెట్టింగు దొరకబుచ్చుకోవడం మరో కథ. ఈ సమస్య చెప్పగానే చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్‌కి వెళ్లి, యూఎస్‌బీ హబ్ మీద నొక్కి, పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌కి అనుమతివ్వు అనే గడిలో టిక్కు పెట్టమంటారు. నేనూ పెట్టాను. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది? ఆ టిక్కు విండోస్ నడుస్తున్నప్పటి సంగతి. షట్‌డౌన్ అయ్యాక విండోసే లేదు. ఊరెళ్లిపోయిన మనిషికి అతని గది తలుపు మీద చీటీ అంటించి వచ్చినట్టు. ఆపేశాక మిగిలేది ఫర్మ్‌వేర్ రాజ్యం, అంటే మదర్‌బోర్డు చిప్పుల్లోనే రాసి ఉండే ప్రోగ్రాములది. కాబట్టి వెతకాల్సింది బయాస్ సెటప్‌లో, అంటే ఆ ఫర్మ్‌వేర్ సెట్టింగుల పేజీల్లో. మెషీన్ ఆన్ చేస్తూనే ఎఫ్2, డిలీట్, ఎఫ్10 ఇలా కంపెనీకో కీ నొక్కి లోపలికి వెళితే, పవర్ అనో యూఎస్‌బీ అనో ఉన్న పేజీలో ఆ తోషిబా, డెల్, లెనోవో పేర్ల లాంటిది ఏదో ఒకటి కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు విండోస్‌లో నడిచే తమ సొంత యాప్‌లో కూడా ఈ మీట ఇస్తాయి, అది లోపలున్న అదే సెట్టింగుని మారుస్తుంది. కొన్నిట్లో ఈ మీటే ఉండదు. అప్పుడు తగిలించినవి పీకేసుకోవడమే గతి.

నా మెషీన్‌లో ఆ మీట ఉంది. నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే ఆన్‌లో ఉంది.

పోర్టు పక్కన గుర్తు వేశాం కదా అంటారు కంపెనీవాళ్లు. వేశారు, చూశాను. నువ్వుగింజంత మెరుపు బొమ్మ, నల్ల ప్లాస్టిక్ మీద బూడిద రంగులో. నిజానికి ఆ మెరుపు బొమ్మతోనే ఇంకో గందరగోళం ఉంది. టైప్-సి పోర్టు పక్కన బాణం మొనతో ఉన్న మెరుపు కనిపిస్తే అది థండర్‌బోల్ట్, అంటే డేటా వేగంగా వెళ్లే దారి. పాత వెడల్పు పోర్టు పక్కన అలాంటి మెరుపే ఉంటే, ఆపేసినా చార్జింగ్ ఇస్తుందని అర్థం. కొందరు మెరుపు బదులు బ్యాటరీ బొమ్మ వేస్తారు. కొందరు పోర్టు లోపలి నాలుక్కి పసుపో ఎరుపో రంగేస్తారు. ఇవన్నీ తెలిసి లాప్‌టాప్ కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? పుస్తకం చదవలేదా అని అడగొచ్చు. లేదు, చదవలేదు. ఆఫ్ అనే మాటకి అర్థం తెలుసుకోవడానికి పుస్తకం చదవాల్సి వస్తుందని అనుకోలేదు.

అసలు ఆఫ్ అనే మాట ఎప్పుడు ఇలా జారిపోయిందో చూస్తే భలే ఉంటుంది. విండోస్ 95 వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. షట్‌డౌన్ నొక్కాక నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలతో, ఇక మీ కంప్యూటర్‌ని ఆపేయవచ్చు, ప్రమాదమేమీ లేదు అని ఒక మాట వచ్చేది. ఆ తర్వాత మనమే చెయ్యి చాచి స్విచ్చి నొక్కేవాళ్లం. టక్కుమనేది. ఆ స్విచ్చి నిజంగానే కరెంటు తీగని తెంచేది. చివరి మాట మనిషిదే. సరిగ్గా అదే ఏడాది, 1995లో, ఇంటెల్ డెస్క్‌టాప్ కంప్యూటర్ల మదర్‌బోర్డు, పవర్ సప్లై అమరికకి ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. దాంతో ముందువైపు బటన్ స్విచ్చి కాకుండా పోయింది, విన్నపం అయింది. నొక్కితే మదర్‌బోర్డుకి కబురు వెళుతుంది, ఆపడమా వద్దా అన్నది అది చూసుకుంటుంది. ఆ కబురు వినడానికి 5 వోల్టుల స్టాండ్‌బై లైను ఎప్పుడూ బతికే ఉండాలి. 1996 చివర్లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి కంప్యూటర్ పవర్‌ని నడిపే తీరుకి ఏసీపీఐ అనే ప్రమాణం విడుదల చేశాయి. అందులో ఆఫ్‌లు రెండు. ఒకటి సాఫ్ట్ ఆఫ్, ఎస్5 అంటారు. రెండోది మెకానికల్ ఆఫ్, జీ3. మనం షట్‌డౌన్ అని నొక్కితే వచ్చేది మొదటిది. రెండోది రావాలంటే తీగ పీకాలి, బ్యాటరీ తీయాలి.

బటన్ మీద బొమ్మ కూడా ఈ కథ చెబుతుంది. నిలువు గీత అంటే ఆన్, సున్నా అంటే ఆఫ్. పాత స్విచ్చుల మీద ఆ రెండూ విడివిడిగా ఉండేవి. ఇప్పుడు ప్రతి లాప్‌టాప్ మీదా కనిపించే బొమ్మ, పైన తెగిన సున్నాలోకి దిగిన గీత, అంతర్జాతీయ ప్రమాణంలో మొదట స్టాండ్‌బైకి గుర్తు. అంటే పూర్తిగా ఆగదు సుమా అని ఆ బొమ్మే చెప్పేది. 2004లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ నుంచి 1621 అనే ప్రమాణం వచ్చి, జనం దాన్ని పవర్ గుర్తుగానే చూస్తున్నారు కదా, పవర్ అనే పిలుద్దాం అంది. స్లీప్‌కి నెలవంక కేటాయించింది. వాడేవాళ్లకు తేలిక చేయాలన్న మంచి ఉద్దేశమే. కానీ ఆ బొమ్మలో ఉన్న ఒకే ఒక్క హెచ్చరిక కూడా దాంతో పోయింది.

పాత లాప్‌టాప్‌లలో అయినా కింద ఒక గొళ్లెం ఉండేది. అటు జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది, అదే మన జీ3. సన్నదనం కోసం బ్యాటరీని లోపల పెట్టి మరలు బిగించాక ఆ దారీ మూసుకుపోయింది. లెనోవో థింక్‌ప్యాడ్‌ల లాంటి కొన్నిట్లో బయాస్‌లోనే లోపలి బ్యాటరీని తాత్కాలికంగా తెంచేసే ఏర్పాటు ఉంది. మళ్లీ చార్జర్ పెట్టేదాకా బ్యాటరీ నుంచి చుక్క కరెంటు రాదు. మరమ్మతు చేసేవాళ్ల కోసం పెట్టింది అది. నెల రోజులు లాప్‌టాప్‌ని పక్కన పెట్టేవాళ్లకు కూడా అంతకన్నా మంచిది లేదు, అలాంటిది ఉందని వాళ్లకు తెలిస్తే.

దీనికి తోడు విండోస్ 8తో, అంటే 2012లో, ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. త్వరగా లేవడం కోసం, షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసేసి, విండోస్ గుండెకాయని మాత్రం డిస్కులో దాచిపెడుతుంది. అంటే పూర్తి షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేషన్. ఇందులో విచిత్రం ఏమిటంటే రీస్టార్ట్ నొక్కితే పూర్తిగా ఆగి లేస్తుంది, షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగదు. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే అసలైనది జరుగుతుంది. ఫర్మ్‌వేర్‌కి ఎస్4 (హైబర్నేషన్), ఎస్5 (సాఫ్ట్ ఆఫ్) వేరువేరు స్థితులు, ఏ స్థితిలో ఏ లైను ఉంచాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా రాసుకుంటుంది. అందుకే కొందరికి ఫాస్ట్ స్టార్టప్ తీసేయగానే ఈ కారడం ఆగుతుంది, నాకు ఆగలేదు. నిద్రపోయేవాణ్ని లేపొచ్చు గాని నిద్ర నటించేవాణ్ని లేపలేమంటారు. ఇక్కడ తిరగబడింది, ఆగిపోయినట్టు నటించేదాన్ని ఆపలేకపోతున్నాం.

ఎదుటివాళ్ల వాదన కూడా న్యాయంగా వినాలి. ప్రయాణంలో ఫోన్ చావబోతుంటే, సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఆన్ చేసే పని లేకుండా, తీగ ఒక్కటి తగిలిస్తే ప్రాణం నిలబడుతుంది. నాకే రెండు మూడుసార్లు పనికొచ్చింది. ఆ సౌకర్యం ఉండకూడదని నేననను. ఇంకా, కొన్ని మెషీన్లలో ఒక హద్దు పెట్టుకోవచ్చు, బ్యాటరీ ఇంత శాతానికి దిగితే పోర్టుకి ఇవ్వడం ఆపేయమని. మంచి ఆలోచన. చార్జర్ మీద ఉన్నప్పుడే ఇవ్వమని, బ్యాటరీ మీద వద్దని చెప్పే మీట కూడా కొన్నిట్లో ఉంటుంది. అది ఇంకా మంచిది.

నేను ఒప్పుకోనిది ఒక్కటే. పెట్టెలోంచి తీసేసరికే అది ఆన్‌లో ఉండటం. బ్యాటరీ నాది. నేను ఆఫ్ అన్నాక అందులోంచి ఎవరికైనా ఇవ్వాలంటే నన్ను అడిగి ఇవ్వాలి. ఫోన్ తగిలించిన రోజు ఒకసారి తెర మీద అడిగితే చాలు, ఆపేశాక కూడా ఈ పోర్టులో కరెంటు ఉంచమంటారా అని. సరే అన్నవాళ్లకు ఉంచండి. అడగరు. ఎందుకంటే అడగకుండా ఇస్తే అది మహత్యంలా కనిపిస్తుంది, అడిగి ఇస్తే సెట్టింగులా కనిపిస్తుంది. బ్యాటరీ కారిపోతే మాత్రం ఆ నింద సౌకర్యం మీదికి రాదు. పాతబడిపోయిందన్న పేరుతో బ్యాటరీ మీదికి వెళుతుంది.

అర వాటుకి ఇంత గోల దేనికి అనేవాళ్లకు ఒక్క మాట. గోడ ప్లగ్గు దగ్గర ఇదే అర వాటుని ప్రపంచం చాలాకాలం పట్టించుకుంది. వాడని పరికరాలు స్టాండ్‌బైలో 1 వాటుకి మించి తినకూడదని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన అలాన్ మయర్ ప్రతిపాదిస్తే, అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో దాన్ని తలకెత్తుకుంది. ఐరోపా సమాఖ్య 2010లో ఇళ్లల్లో, ఆఫీసుల్లో వాడే చాలా పరికరాలకు ఆఫ్‌లో 1 వాటు హద్దు పెట్టి, 2013లో అర వాటుకి దించింది. మంచి పనే జరిగింది. అయితే ఆ హద్దులన్నీ గోడలోంచి లాగే కరెంటుని దృష్టిలో పెట్టుకుని గీసినవి. ఆ లెక్కలో మెచ్చుకోదగిన అర వాటే 50 వాట్-అవర్ల బ్యాటరీ మీద పడితే నాలుగు రోజుల్లో దాన్ని పీల్చేస్తుంది.

పైగా పోయేది చార్జింగ్ ఒక్కటే కాదు. లిథియం-అయాన్ బ్యాటరీకి ఆయుష్షు సైకిళ్లలో ఉంటుంది, పూర్తిగా ఒకసారి ఖాళీ అయి నిండితే ఒక సైకిల్. లాప్‌టాప్ బ్యాటరీలను చాలావరకు 300 నుంచి 1000 సైకిళ్ల మధ్య లెక్కేసి చేస్తారు. వారానికోసారి హబ్ దాన్ని ఖాళీ చేస్తే ఏడాదికి 52 సైకిళ్లు. నేను ఒక్క అక్షరం టైపు చేయకుండానే. ఇంతకంటే చెడ్డది ఏమిటంటే, ఖాళీ అయిపోయాక కూడా అలాగే వదిలేయడం. తెర మీద సున్నా శాతం అన్నప్పుడు సెల్‌లో ఇంకా కొంత మిగిలే ఉంటుంది, అది కావాలని ఉంచే జాగ్రత్త. ఆ స్థితిలో వారాల తరబడి పడి ఉంటే మిగిలిన కాస్తా కరుగుతూ పోయి, సెల్ వోల్టేజీ మరీ కిందికి దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అప్పుడు ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్ ఇక చార్జింగే ఒప్పుకోకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న లిథియం బ్యాటరీ తనంతట తాను నెలకి ఒకటి రెండు శాతానికి మించి తగ్గదు. సగం చార్జింగ్‌తో పూర్తిగా ఆపేసిన లాప్‌టాప్ నెలల తరబడి నిశ్చింతగా ఉండగలదు. ఆ నెలల్ని ఒక హబ్ రోజుల్లోకి కుదించేసింది.

టైప్-సి వచ్చాక పరిస్థితి కొంత బాగుపడిందని ఒప్పుకోవాలి. పాత వెడల్పు పోర్టులో లైను తెరిచారంటే ఎవరున్నా లేకపోయినా 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. టైప్-సిలో అలా కుదరదు. అవతల 5.1 కిలో ఓముల నిరోధకం తగిలితేనే, అంటే నిజంగా తీసుకునే పరికరం వచ్చిందని తెలిస్తేనే, కరెంటు వదలాలి. ఖాళీ పోర్టు చల్లగా ఉంటుంది. ఎవరొచ్చారో చూడటానికి ఒక చిన్న చిప్ మెలకువగా ఉండాలి, దానికయ్యే ఖర్చు బహు తక్కువ. అయితే వచ్చినవాడు నా హబ్ లాంటి మొండివాడైతే తలుపు తీశాక అదే కథ. టైప్-సిలో ఇంకో తమాషా కూడా ఉంది. పవర్ బ్యాంకుని లాప్‌టాప్‌కి తగిలిస్తే, ఇద్దరూ ఇవ్వగలరు, ఇద్దరూ తీసుకోగలరు. ఎవరు ఎవరికి పెట్టాలో వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. లాప్‌టాప్ నింపుకుందామని తగిలించి, అరగంట తర్వాత చూస్తే లాప్‌టాపే పవర్ బ్యాంకుని నింపుతూ కనిపించిన సందర్భం నాకు ఎదురైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేనిప్పుడు చేస్తున్నది చెప్పి ముగిస్తాను. బయాస్‌లో ఆ మీట ఆపేశాను. వేకాన్ ల్యాన్ అని ఇంకోటి కనిపించింది, నెట్‌వర్క్ నుంచి మెషీన్‌ని లేపడం కోసం నెట్‌వర్క్ కార్డుని మేలుకొలిపి ఉంచేది. నాకు అవసరం లేదు, అదీ తీసేశాను. ప్రయాణాలకు ముందు మాత్రం పోర్టు మీట ఆన్ చేసుకుంటాను, వచ్చాక ఆపేస్తాను. ఒకటి రెండుసార్లు ఆపడం మర్చిపోయాను కూడా. మీ మెషీన్‌లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. పోర్టులో లైటున్న ఏదో ఒకటి తగిలించి, షట్‌డౌన్ చేసి, పది నిమిషాలాగి, గదిలో లైట్లు ఆర్పి చూడండి. ఒక్కో పోర్టుకీ మార్చి మార్చి చూడండి, అన్నీ ఒకేలా ఉండవు. నా దాంట్లో కుడివైపుది ఒక్కటే దొంగ, ఎడమవైపు రెండూ బుద్ధిమంతులే. హబ్‌ని మొదట్నుంచీ ఎడమవైపు పెట్టి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఈ తతంగమంతా అయ్యాక, ఊరికే చూద్దామని, విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీశాను. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని రాస్తే ఒక పేజీ తయారవుతుంది. అందులో కెపాసిటీ హిస్టరీ అని ఒక పట్టిక ఉంటుంది, వారాల వారీగా బ్యాటరీ ఎంత పట్టేదో రాసి. మార్పించేసిన పాత బ్యాటరీ అంకెలు కూడా అక్కడ అలాగే ఉన్నాయి. చివరి వారంలో, సర్వీస్ సెంటర్ కుర్రాడు పాతబడిందని తేల్చిన ఆ వారంలో, అది 50కి 41 వాట్-అవర్లు పడుతోంది. నాలుగైదు గంటల పని దానికి ఇంకా చేతనవుతుంది. అడుగుదామని ఫోన్ చేశాను. తీసేసిన బ్యాటరీలన్నీ ప్రతి నెలా రీసైక్లింగ్‌కి పంపేస్తామండీ, మీది వెళ్లిపోయి ఉంటుంది అన్నారు.